తక్కువ తిని ఎక్కువ మిగిల్చే జీవులు

"వాయు శ్వాసక్రియకు, అవాయు శ్వాసక్రియకు గల భేదములను వ్రాయుము." ఈ ప్రశ్న మీకు కొత్త కాదు. పరీక్షల్లో ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కాగితం మధ్య నిలువుగా గీత గీస్తారు. ఎడమవైపు "ఆక్సిజన్ కావాలి", కుడివైపు "ఆక్సిజన్ అక్కరలేదు" అని మొదలుపెడతారు. చివరి వరుసలో ఎడమవైపు "ఎక్కువ శక్తి విడుదలవుతుంది", కుడివైపు "తక్కువ శక్తి విడుదలవుతుంది" అని ముగిస్తారు. జవాబు సరైనదే. మార్కులూ వస్తాయి.

అయితే ఆ "తక్కువ" అనే మాట దగ్గర మనం ఆగవలసినంతసేపు ఆగడం లేదని నా అభిప్రాయం. గాలి లేకుండా బ్రతకడం ఏదో వెనుకబడిన బ్రతుకు అన్న భావం విద్యార్థి మనసులో మిగిలిపోతోంది. విడుదల కాకుండా ఉండిపోయిన శక్తి ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న ఎవరూ వేయరు. వేస్తే గోబర్ గ్యాస్ పొయ్యి మొదలుకొని విమానం ఇంధనం దాకా ఒక దారి కనిపిస్తుంది. ఆ దారిలో మనం మోసపోయే మలుపులూ కొన్ని ఉన్నాయి. ఆ రెంటినీ చెప్పడానికే ఈ వ్యాసం.

బూడిదా, బొగ్గా?

కట్టెను పొయ్యిలో పెట్టి గాలి బాగా తగలనిస్తే ఏమవుతుంది? భగభగ మండి బోలెడు వేడినిస్తుంది. చివరకు గుప్పెడు బూడిద మిగులుతుంది. ఆ బూడిదను మళ్లీ ముట్టిస్తే అంటుకోదు. అదే కట్టెను బొగ్గుల బట్టీలో పేర్చి, పైన మట్టి కప్పి, గాలి చొరకుండా కాలిస్తే? బట్టీ నుంచి వచ్చే వేడి తక్కువే. కాని తీసి చూస్తే బొగ్గులు మిగులుతాయి. అవి మళ్లీ మండుతాయి.

వాయు శ్వాసక్రియ పొయ్యి వంటిది. అవాయు శ్వాసక్రియ బట్టీ వంటిది. 180 గ్రాముల గ్లూకోజ్‌ను పూర్తిగా దహనం చేస్తే సుమారు 2,800 కిలోజౌళ్ల శక్తి వస్తుంది. మన కణాలు ఆక్సిజన్ సాయంతో గ్లూకోజ్‌ను పూర్తిగా కార్బన్ డయాక్సైడ్, నీరుగా మార్చి, ఒక్కొక్క అణువుకు 30 నుంచి 32 దాకా ఏ.టి.పి. అణువులు సంపాదించుకుంటాయి. (పాత పుస్తకాల్లో ఇది 38 అని ఉండేది.) మిగిలేవి మళ్లీ మండని వస్తువులు, అంటే బూడిద వంటివి.

ఇప్పుడు తాటి కల్లు కుండలో చూడండి. అందులో ఈస్టుతోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఉంటుంది. అది గాలి సాయం లేకుండా గ్లూకోజ్‌ను ఇథైల్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. అదే 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి ఎక్కువలో ఎక్కువగా 92 గ్రాముల ఆల్కహాల్ వస్తుంది. దానిని దహనం చేస్తే సుమారు 2,730 కిలోజౌళ్లు! అంటే గ్లూకోజ్‌లోని శక్తిలో నూటికి 97 వంతులు ఆల్కహాల్‌లోనే ఉండిపోయింది. ఆ చిన్న జీవి తన కోసం ఒకటి రెండు ఏ.టి.పి.లు మాత్రమే తీసుకుంది.

పట్టికలో మనం "తక్కువ" అని వ్రాసినది ఆ జీవి వాటా. మనకు దక్కే వాటా చాలా ఎక్కువ. కడుపు నిండా తినే పనివాడు ధాన్యం మిగల్చడు. పిడికెడు తిని గాదె నింపే పనివాడు దొరికితే ఎవరు వదులుకుంటారు?

నీటిబొట్టు మధ్యలో కదిలిన జీవులు

గాలి లేనిచోట మండే వాయువు పుడుతుందని చాలాకాలం క్రితమే గమనించారు. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా, మజ్జోరే సరస్సు అడుగున బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను సేకరించి వెలిగించి చూశాడు. అది మీథేన్. దానిని చేసేది జీవులని అప్పటికి తెలియదు.

1861లో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ సూక్ష్మదర్శిని కింద ఒక బొట్టును పరిశీలిస్తున్నాడు. బ్యుటిరిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలు అందులో ఉన్నాయి. బొట్టు మధ్యలో ఉన్నవి చురుకుగా కదులుతున్నాయి. అంచుల వద్ద, గాలి తగిలేచోట ఉన్నవి మాత్రం కదలిక మానేశాయి. మనకు ప్రాణాధారమైన వాయువే వాటికి ముప్పు! గాలి లేకుండా జీవించే ప్రాణులు ఉన్నాయని అప్పుడు తెలిసింది.

వాటిని పెద్ద ఎత్తున పనిలో పెట్టింది యుద్ధం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మందు తయారీకి బ్రిటన్‌కు ఎసిటోన్ కావలసి వచ్చింది. అప్పట్లో కట్టెలను బట్టీ పెట్టి దానిని తీసేవారు. అది చాలలేదు. మాంచెస్టర్‌లో పనిచేస్తున్న రసాయన శాస్త్రజ్ఞుడు ఛైమ్ వైజ్‌మన్, మొక్కజొన్న పిండిని ఎసిటోన్‌గా, బ్యుటనాల్‌గా మార్చే ఒక క్లాస్ట్రీడియం బాక్టీరియాను అందించాడు. (ఈయనే తరువాత 1949లో ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడయ్యాడు.) కర్మాగారాలు నడిచాయి. కాని మొక్కజొన్న ఓడల్లో రావాలి. జర్మన్ జలాంతర్గాములు ఓడలను ముంచుతున్నాయి. ఉన్న ధాన్యం మనుషులకే చాలడం లేదు.

అప్పుడు ఏం చేశారో తెలుసా? 1917లో బ్రిటన్ పాఠశాలల పిల్లలను హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు కాయలు ఏరి తెమ్మన్నారు. అవి మనుషులు తినే కాయలు కావు. పిల్లలు దారానికి కట్టి ఆడుకునేవి. ఎందుకో చెప్పలేదు, అది యుద్ధ రహస్యం. మీ వయసు పిల్లలు బస్తాలకు బస్తాలు ఏరి పంపారు. కొన్ని రైల్వే స్టేషన్లలోనే పడి కుళ్లిపోయాయి. కర్మాగారానికి చేరిన కాయల నుంచి కూడా ఎసిటోన్ ఆశించినంత రాలేదు.

ఈ కథలోని ప్రశ్న నేటికీ పాతబడలేదు. తినే గింజను బాక్టీరియాకు పెట్టాలా, మనిషికి పెట్టాలా? 2025లో మన దేశం పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథైల్ ఆల్కహాల్ కలిపే లక్ష్యాన్ని చేరుకుంది. ఆ ఆల్కహాల్‌లో ఎక్కువ భాగం చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి వస్తున్నదే. ఎకరం పొలం, ఆ పొలానికి పారిన నీరు, వేసిన ఎరువు బండి ట్యాంకులోకి పోతున్నాయి. గింజ అడగని బాక్టీరియా దొరికితే బాగుండును గదా?

ఒక్క కార్బన్‌తో కడుపు నింపుకొనేవి

దొరికింది. 1936లో నెదర్లాండ్స్‌లో వీరింగా అనే శాస్త్రజ్ఞుడు బురదలో ఒక విచిత్రమైన బాక్టీరియాను కనుగొన్నాడు. దానికి పిండి అక్కరలేదు, చక్కెర అక్కరలేదు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులను తీసుకొని ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. వెనిగర్‌లో పుల్లగా ఉండేది ఈ ఆమ్లమే. 1942లో అమెరికాలో గుర్రపు పేడ నుంచి దాని బంధువును వేరు చేశారు. అది ఒక గ్లూకోజ్ అణువును దాదాపు మూడు ఎసిటిక్ ఆమ్ల అణువులుగా మార్చేసింది. లెక్క చూడండి: గ్లూకోజ్‌లో కార్బన్లు 6, మూడు ఎసిటిక్ ఆమ్లాల్లో కార్బన్లు 6. అంటే కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోవలసినదాన్ని కూడా ఆ జీవి పట్టి తిరిగి వాడుకుంటున్నదన్నమాట.

అది ఎలా సాధ్యమో తేల్చడానికి హార్లండ్ వుడ్, లార్స్ యుంగ్‌డాల్ అనే శాస్త్రజ్ఞులకు, వారి సహచరులకు కొన్ని దశాబ్దాలు పట్టింది. క్లుప్తంగా చెప్పాలంటే ఇలా జరుగుతుంది. ఆ జీవి రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులను రెండు దారుల్లో నడిపిస్తుంది. ఒక దానికి హైడ్రోజన్‌ను మెట్టుమెట్టుగా చేర్చి మిథైల్ సమూహంగా మారుస్తుంది. రెండో దాని నుంచి ఒక ఆక్సిజన్‌ను తీసివేసి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. నికెల్, ఇనుము గల ఒక ఎంజైము మీద ఈ రెంటినీ అతికిస్తుంది. ఒక్కొక్క కార్బన్ కలిసి రెండు కార్బన్ల ముక్క తయారైంది. దాని నుంచి ఎసిటిక్ ఆమ్లమో, ఇథైల్ ఆల్కహాలో వస్తుంది.

మధ్యలో కార్బన్ మోనాక్సైడ్ పేరు విన్నారు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొని ప్రాణం తీసే వాయువది. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోకూడదని పెద్దలు చెప్పేది దాని వల్లనే. ఈ బాక్టీరియాలలో కొన్నింటికి అదే ఆహారం. కోళ్ల పెంటలో దొరికిన క్లాస్ట్రీడియం యుంగ్‌డాలీ, కుందేలు పెంటికల నుంచి 1994లో బెల్జియంలో వేరు చేసిన క్లాస్ట్రీడియం ఆటోఇథనోజెనమ్ అటువంటివి. ఈ రెండోదాని పేరులోనే ఆల్కహాల్ ఉంది చూడండి.

మన గోబర్ గ్యాస్ తొట్టిలోనూ ఇటువంటి పనే జరుగుతుంది. అక్కడ ఒక్క జీవి చాలదు. కొన్ని పేడలోని పీచును ముక్కలు చేస్తాయి, కొన్ని ఆ ముక్కలను ఆమ్లాలుగా, హైడ్రోజన్‌గా మారుస్తాయి. చివరి జట్టు వాటి నుంచి మీథేన్ చేస్తుంది. ఈ చివరి జట్టు బాక్టీరియా కూడా కాదు. వీటిది ఆర్కియా అనే వేరే వంశమని 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ చూపించారు.

ఉక్కు పొగ నుంచి ఆల్కహాల్

కార్బన్ మోనాక్సైడ్ ఎక్కడ దొరుకుతుంది? మీ రసాయన శాస్త్ర పాఠంలోనే ఉంది. బ్లాస్ట్ కొలిమిలో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసేది అదే. లాగగా మిగిలినది కొలిమి పైనుంచి ఇతర వాయువులతో కలిసి బయటకు వస్తుంది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో ఉన్నవీ అటువంటి కొలుములే.

న్యూజిలాండ్‌లో 2005లో స్థాపించిన లాంజాటెక్ అనే సంస్థ ఈ వాయువును కుందేలు పెంటికల బాక్టీరియాకు ఆహారంగా పెట్టింది. 2018లో చైనాలో షౌగాంగ్ ఉక్కు కర్మాగారం పక్కన ఏటా 46,000 టన్నుల ఆల్కహాల్ చేయగల మొదటి వాణిజ్య కర్మాగారం పని మొదలుపెట్టింది. అదే ఏడు అక్టోబరులో ఇటువంటి ఆల్కహాల్ నుంచి చేసిన ఇంధనాన్ని మామూలు ఇంధనంతో కలిపి అమెరికాలోని ఓర్లాండో నుంచి లండన్‌కు విమానం నడిపారు. మన దేశంలో హర్యానాలోని పానిపట్ చమురు శుద్ధి కర్మాగారం వద్ద ఇండియన్ ఆయిల్ సంస్థ ఇదే పద్ధతిలో కర్మాగారం నిర్మించింది. దాని సామర్థ్యం రోజుకు 128 కిలోలీటర్లు. 2022లో ఈ బాక్టీరియా జన్యువులను మార్చి ఎసిటోన్, ఐసోప్రొపనాల్ కూడా చేయించారు. వైజ్‌మన్ మొక్కజొన్న పెట్టి చేయించిన ఎసిటోన్, నూరేళ్ల తరువాత పొగతో తయారైంది!

ఇబ్బందులు లేవనుకోకండి. లీటరు నీటిలో కార్బన్ మోనాక్సైడ్ 30 మిల్లీగ్రాములైనా కరగదు. బాక్టీరియా ఉండేది నీటిలో, ఆహారం ఉండేది బుడగలో. అందుకే ఎత్తయిన తొట్లు కట్టి సన్నసన్నని బుడగలు పంపుతారు. ఫ్లోరిడాలో 2013లో చెట్ల కొమ్మలు, రెమ్మలను తక్కువ గాలిలో వేడిచేసి, వచ్చిన వాయువును బాక్టీరియాకు పెట్టిన కర్మాగారం ఒకటి నడవలేకపోయింది. ఆ వాయువులో కలిసి వచ్చిన హైడ్రోజన్ సయనైడ్ బాక్టీరియాకు విషమైంది.

పెన్సిలు తీయండి

"గాలి నుంచి పెట్రోలు", "కాలుష్యాన్ని మింగే బాక్టీరియా" వంటి శీర్షికలు మీరు చదివే ఉంటారు. సంతోషించే ముందు కొంచెం లెక్క చేయాలి.

6 కార్బన్ మోనాక్సైడ్ అణువులు, 3 నీటి అణువులు కలిసి 1 ఇథైల్ ఆల్కహాల్ అణువును, 4 కార్బన్ డయాక్సైడ్ అణువులను ఇస్తాయి. భారాల్లో చెబితే 168 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్, 54 గ్రాముల నీరు కలిసి 46 గ్రాముల ఆల్కహాల్, 176 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. రెండు వైపులా 222 గ్రాములు. శక్తి లెక్క చూస్తే నూటికి 80 వంతులు ఆల్కహాల్‌లో నిలిచింది. మెచ్చుకోదగ్గదే. కార్బన్ లెక్క చూస్తే ఆరింటిలో రెండే ఆల్కహాల్‌లోకి వెళ్లాయి. నాలుగు అక్కడే గాలిలో కలిశాయి. ఆ ఆల్కహాల్‌ను బండిలో కాలిస్తే మిగిలిన రెండూ కలుస్తాయి. మొత్తం ఆరూ గాలిలోకే!

మరి లాభం లేదా? ఉంది. అంత మేరకు పెట్రోలు కాల్చనక్కరలేదు. ఒకే బొగ్గును రెండుసార్లు వాడుకున్నట్లు. అయితే చాలా ఉక్కు కర్మాగారాలు ఈ వాయువును ఇప్పటికే మండించి విద్యుత్తు చేసుకుంటున్నాయి. దానిని బాక్టీరియాకు ఇచ్చి, విద్యుత్తు కోసం వేరే బొగ్గు తెచ్చి కాలిస్తే లాభం చాలావరకు కరిగిపోతుంది.

పోనీ, కార్బన్ డయాక్సైడ్‌నే పెడదాం. 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 12 గ్రాముల హైడ్రోజన్ కలిసి 46 గ్రాముల ఆల్కహాల్, 54 గ్రాముల నీరు. ఒక్క కార్బన్ కూడా వృథా కాదు. కాని ఆ హైడ్రోజన్ ఎక్కడిది? కార్బన్ డయాక్సైడ్ బూడిద వంటిదని మొదట అనుకున్నాం గదా. బూడిదను మళ్లీ కట్టె చేయాలంటే ఎవరో శక్తి పోయాలి. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి నేడు సుమారు 50 యూనిట్లు ఖర్చవుతుంది. కిలో ఆల్కహాల్‌కు సుమారు 260 గ్రాముల హైడ్రోజన్, అంటే 13 యూనిట్ల విద్యుత్తు. ఆ కిలో ఆల్కహాల్‌ను కాలిస్తే వచ్చే వేడి సుమారు 8 యూనిట్లకు సమానం. 13 పోసి 8 తీసుకుంటున్నాం. ఆ 13 యూనిట్లు బొగ్గు కాల్చి తెచ్చినవైతే ఇది నష్టపు బేరం. మిట్టమధ్యాహ్నం వాడుకోలేక వదిలేసే ఎండ విద్యుత్తు అయితే ఆలోచించవచ్చు. బ్యాటరీ మోయలేని విమానాలకు, ఓడలకు అటువంటి ఇంధనం అవసరం పడవచ్చు.

బాక్టీరియా శక్తిని పుట్టించదు. ఉన్న శక్తిని ఒక రూపం నుంచి మరో రూపానికి మోస్తుంది. మోసేటప్పుడు తాను చాలా తక్కువ తింటుంది. దాని గొప్ప అంతవరకే. ఆ గొప్పను చూపించి పొగ గొట్టాలకు "శుభ్రం" అని బోర్డు కట్టడం న్యాయం కాదు.

నా మాట

నా ఉద్దేశంలో ఈ జీవులకు పని ఇవ్వడంలో ఒక వరుస ఉండాలి. మొదట, శక్తి ఇప్పటికే నిండి ఉండి, వదిలేస్తే హాని చేసే చెత్త: పేడ, మురుగు, వసతిగృహాల ఎంగిలి, కూరగాయల మార్కెట్ల కుళ్లు. వీటిని ఆరుబయట పోగు వేసినా లోపల గాలి అందనిచోట మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కలో అది అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. తొట్టిలో పట్టి మండిస్తే వంట అవుతుంది. తొట్టి చిల్లిపడి వాయువు కారిపోతుంటే మాత్రం లాభానికి బదులు నష్టమే. కట్టిన తొట్టిని బాగు చేయించుకోవడం కొత్తది ప్రారంభించడమంత ముఖ్యం.

రెండవది, పొలాల్లో తగలబెట్టే వరిగడ్డి. దానిలోని కార్బన్ ఆ ఏడు గాలి నుంచి వచ్చినదే. సయనైడ్ వంటి చిక్కులు విప్పే పని మీలో కొందరి కోసం ఎదురుచూస్తోంది. మూడవది, కర్మాగారాల వాయువు, అదీ వేరే విధంగా వాడుకోలేనప్పుడు. చిట్టచివరగా గింజ. మనిషి తినే గింజను బండికి పోసేముందు మిగిలిన మూడూ ఎంతవరకు వాడామని అడిగే హక్కు మనకు ఉంది.

ఇకమీద పట్టికలో "తక్కువ శక్తి విడుదలవుతుంది" అని వ్రాసినప్పుడు, పక్కన "మిగిలిన శక్తి ఉత్పన్న పదార్థంలో ఉంటుంది" అని ఒక్క వాక్యం చేర్చండి. ఏ పరీక్షాధికారీ దానికి మార్కులు తగ్గించడు. ఎక్కడైనా అద్భుత ఇంధనం గురించి చదివితే మూడు ప్రశ్నలు వేయండి. కార్బన్ ఎక్కడిది? శక్తి ఎక్కడిది? చివరకు ఎంత గాలిలో కలుస్తుంది?

అలవాటు కోసం ఒక లెక్క ఇస్తున్నాను. 4 కార్బన్ మోనాక్సైడ్ అణువులు, 2 నీటి అణువులు కలిసి 1 ఎసిటిక్ ఆమ్ల అణువును, 2 కార్బన్ డయాక్సైడ్ అణువులను ఇస్తాయి. 112 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ నుంచి ఎన్ని గ్రాముల ఆమ్లం వస్తుంది? కార్బన్‌లో ఎన్నో వంతు ఆమ్లంలోకి వెళ్లింది? ఆల్కహాల్ కన్నా ఇది మెరుగా, కాదా? మెరుగైతే విమానానికి ఇదెందుకు పనికిరాదు? మీరు లెక్క చేసి, మీ సైన్సు మాస్టారికి చూపించండి.